పేదల వాడల్లో చెత్త ఎందుకు పేరుకుంటుంది

నగరాల్లో తక్కువ రాబడి కుటుంబాలు ఉండే బస్తీలు చాలావరకు మాసిపోయి కనబడతాయి. గోడల పెచ్చులు ఊడి ఉంటాయి, మలుపుల్లో కుప్పలుంటాయి, కాలువ అంచున పూడిక ఎండుతూ ఉంటుంది. హైదరాబాదు, ముంబయి, సూరత్‌లలోనే గాక అమెరికాలోని ఫిలడెల్ఫియాలోనూ ఈ స్థితి ఉన్నదే. దీనికి జనం నోట ఎక్కువగా వినబడే వివరణ, అక్కడివాళ్లకు శుభ్రత పట్టదని. ఇన్నేళ్ల పరిశోధనల్లో పోగైన ఆధారాలు మాత్రం ఆ వివరణకు పెద్దగా బలమివ్వవు. ఒక వీధిలో కంటికి కనబడే చెత్త మూడు లెక్కల మీద ఆధారపడుతుంది: అక్కడ పుట్టిన చెత్త, బయటినుంచి వచ్చిపడిన చెత్త, అక్కణ్ణుంచి ఎత్తుకెళ్లిన చెత్త. మొదటి రెండూ కలిపి, అందులోంచి మూడోది తీసేయగా మిగిలింది కుప్పగా కనబడుతుంది. పేదల వాడలో మొదటి అంకె చిన్నది. కుప్పను పెంచేవి తక్కిన రెండూ. వాటి మీద వాడవాళ్లకు ఉన్న అదుపు చాలా తక్కువ. ఇళ్లు పాడుబడటం వెనక కూడా ఇలాంటి కారణమే ఉంది, అయితే అది చెత్తబండికి కాక నేల మీది హక్కుకు సంబంధించినది.

ముందు పుట్టే చెత్త సంగతి. ప్రపంచ బ్యాంకు 2018లో వెలువరించిన అంచనాల ప్రకారం ప్రపంచ జనాభాలో 16 శాతం ఉన్న ధనిక దేశాలు మొత్తం చెత్తలో 34 శాతం పుట్టిస్తున్నాయి. జనాభాలో 9 శాతం ఉన్న నిరుపేద దేశాల వాటా 5 శాతం. దేశాల మధ్య ఉన్న ఈ తేడా ఒకే నగరంలోని పేటల మధ్య కూడా ఉంటుంది; కొనేది తక్కువైనప్పుడు పారేసేదీ తక్కువే. పైగా పేదింట్లో అట్టపెట్టె, ఇనుపముక్క, సీసా, పాత పేపరు చెత్తలోకి పోవు, పాత సామాన్లవాడికి పోతాయి. మిగిలేదల్లా అమ్ముడుపోని సరుకు: షాంపూ ప్యాకెట్లు, గుట్కా పొట్లాలు, చిప్స్ కవర్లు, పలచటి క్యారీబ్యాగులు. రోజుకూలి మీద నడిచే ఇంట్లో నూనె, సబ్బుపొడి, షాంపూ ఏ రోజుకారోజు చిన్న ప్యాకెట్లలో కొంటారు; లీటరు డబ్బా ఒక్కసారిగా కొనేంత సొమ్ము చేతిలో ఉండదు. ఆ ప్యాకెట్లలో చాలావాటిని రకరకాల ప్లాస్టిక్ పొరలూ అల్యూమినియం రేకూ అతికించి తయారు చేస్తారు. వాటిని విడదీయడం కుదరదు గనక తుక్కు దుకాణంవాళ్లు తీసుకోరు. బరువు దాదాపు ఉండదు గానీ గాలికి ఎగురుతాయి, కాలువలో తేలతాయి, రంగురంగులుగా కంట్లో పడతాయి. తూకం వేసి చూస్తే గేటెడ్ కమ్యూనిటీ చెత్తే ఎక్కువ తూగుతుంది. అది మూతపెట్టిన డబ్బాలోంచి నేరుగా బండెక్కిపోతుంది గనక దారినపోయేవాళ్లకు కనబడదు.

ఎత్తుకెళ్లడం దగ్గర తేడా బాగా బయటపడుతుంది. 2012లో జరిగిన జాతీయ నమూనా సర్వే 69వ విడత దేశంలోని పట్టణ మురికివాడలు 33,510 ఉంటాయని అంచనా కట్టింది. ప్రభుత్వం అధికారికంగా నోటిఫై చేసిన వాడల్లో చెత్త పారవేతకు ఏ ఏర్పాటూ లేనివి 11 శాతం. నోటిఫై చేయని వాడల్లో అవి 38 శాతం. మురుగుకాలువలే లేని వాడలు మొదటి రకంలో 11 శాతం, రెండో రకంలో 45 శాతం. ఈ రెండు రకాల వాడల్లో ఉండేవాళ్ల అలవాట్ల మధ్య మూడు నాలుగు రెట్ల తేడా ఉందని ఎవరూ అనలేరు. ఒక వాడ పేరు గెజెట్‌లో ఎక్కడం, మరొక దాని పేరు ఎక్కకపోవడం ఇక్కడ పనిచేస్తున్నాయి. తెలుగు ప్రాంతానికి ఇది చిన్న విషయమేమీ కాదు. 2011 జనాభా లెక్కల్లో మహారాష్ట్ర తర్వాత మురికివాడల జనాభా ఎక్కువగా తేలింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. కోటికి పైగా జనం, అంటే రాష్ట్ర పట్టణ జనాభాలో మూడో వంతు కంటే ఎక్కువ. వాడలను గుర్తించి బాగుచేయడానికి 1956 నుంచే ఇక్కడ చట్టం ఉంది. కానీ రైలు పట్టాల పక్కన, చెరువు శిఖంలో, నాలా ఒడ్డున, కొండవాలున, కోర్టు వివాదంలో ఉన్న స్థలంలో వెలసిన వాడను నోటిఫై చేస్తే అక్కడి నివాసాన్ని ఒప్పుకున్నట్టవుతుందని ఆఫీసులు వెనకాడతాయి. నోటిఫై కాని వాడకు నీళ్లు, కాలువ, చెత్తబండి ఎవరో ఒకరి దయమీద రావలసిందే.

జాబితాలో ఉన్న వాడకు కూడా బండి సరిగ్గా చేరదు. హైదరాబాదులో 2015 నుంచి ఇంటింటికీ తిరుగుతున్న స్వచ్ఛ ఆటోలు మూడు నాలుగు అడుగుల సందుల్లోకి పోలేవు. సందు మొదట్లో ఆగి హారన్ కొడతాయి. అవి వచ్చే పొద్దుటి వేళకు ఇంట్లో పెద్దవాళ్లు కూలి అడ్డా మీదో, అపార్టుమెంట్లలో పాచిపనిలోనో ఉంటారు. వంట, పడక, సామాను అన్నీ ఒకే గదిలో సాగే ఇంట్లో తడిచెత్తను మరునాటిదాకా దాచడానికి మూల దొరకదు. ఇంటింటి సేకరణ వచ్చిందన్న ధీమాతో వీధి కుండీలను తీసేసిన చోట, బండి అందనివాళ్లకు మిగిలింది పాత కుండీ ఉన్న మలుపే. అక్కడే కుప్ప తిరిగి పుడుతుంది. ఆటో నడిపేవాడి కోణం కూడా చూడాలి. అతని సంపాదనలో పెద్ద భాగం ఇళ్లనుంచి వచ్చే నెలవారీ డబ్బు, చెత్తలోంచి ఏరి అమ్ముకునే సరుకు. నెల నెలా డబ్బిచ్చే, అట్టపెట్టెలూ సీసాలూ పారేసే కాలనీని వదిలి, డబ్బు ఆలస్యమయ్యే, అమ్మదగ్గ సరుకు ముందే ఏరేసిన బస్తీకి అతను పోవాలంటే సొంత రాబడి తగ్గించుకోవాలి. ఇక కాలువ పూడిక. సిబ్బంది దాన్ని తీసి ఒడ్డున పోస్తారు, ఆరాక తీసుకుపోతామంటారు. తీసుకుపోయే ట్రాక్టరు వచ్చేలోగా వాన పడితే అదంతా మళ్లీ కాలువలోకే జారుతుంది. పట్టణాల్లో ఈ దృశ్యం తెలియనివాళ్లు తక్కువ. ఇందులో వాడవాళ్ల తప్పు వెతకబోయినా దొరకదు.

బయటినుంచి వచ్చిపడే చెత్తను మామూలు చర్చల్లో ఎవరూ లెక్కపెట్టరు. నగరం పారేసిన ప్లాస్టిక్, గాజు, లోహం తిరిగి వాడకంలోకి వచ్చే పని ఎక్కువగా పేదల వాడల్లోనే జరుగుతుంది. చెత్త ఏరుకునేవాళ్లు గోనెసంచుల్లో మోసుకొచ్చి ఇంటిముందో తుక్కు దుకాణం పక్కనో పోసి వేరుచేస్తారు. పనికొచ్చేది లారీ ఎక్కుతుంది, పనికిరానిది అక్కడే మిగులుతుంది. కాలనీ శుభ్రతలో కొంత భాగం ఇలా బస్తీ ఖాతాలో రాసి ఉంటుంది. పాత ఇళ్లు కూల్చిన మట్టి, ఇటుకముక్కలు రాత్రిపూట ట్రాక్టర్లలో వచ్చి దీపం లేని నాలా గట్టున పడతాయి. పై పేటల్లో కాలువలోకి విసిరినవన్నీ పల్లంలోని వాడ దగ్గర తూముకు అడ్డంపడతాయి. నగరంలో పల్లపు నేల చవక గనక పేదలు చేరేదీ అక్కడే. పెద్ద డంపింగ్ యార్డులదీ ఇదే కథ. ముంబయి చెత్త దేవనార్‌కు పోవడం 1927లో మొదలైంది. తర్వాతి కాలంలో నగరం మధ్యనుంచి ఖాళీ చేయించిన పేదలకు చోటిచ్చింది దాని పక్కనే. హైదరాబాదు చెత్త చేరేది జవహర్‌నగర్‌కు. ఇది మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో 1970ల చివర రాబర్ట్ బులార్డ్ అనే సమాజ శాస్త్రవేత్త పరిశీలించినప్పుడు, జనాభాలో నాలుగో వంతు ఉన్న నల్లజాతివారి పేటల్లోనే నగరపాలక సంస్థకు చెందిన అయిదు చెత్త డంపులూ ఉన్నట్టు తేలింది.

ఇళ్ల విషయానికొస్తే, రేపు ఎవరైనా వచ్చి కూల్చేస్తారేమోనన్న భయం ఉన్నప్పుడు రేకుల కప్పు తీసి స్లాబు వేసుకోవడం తెలివైన పని కాదు. దీన్ని రుజువు చేయడం కష్టమే. పట్టా ఉన్నవాళ్లు మొదటినుంచీ కాస్త స్థితిమంతులై ఉండవచ్చుననే అనుమానం ఎప్పుడూ ఉంటుంది. ఆ అనుమానానికి తావులేని సందర్భం అర్జెంటీనాలో అనుకోకుండా దొరికింది. బ్యూనస్ ఐరిస్ శివార్లలోని సొలానో ప్రాంతంలో 1981లో పేద కుటుంబాలు ఒక బీడు నేలను ఆక్రమించాయి. 1984లో ప్రభుత్వం ఆ నేలను సేకరించి వాళ్లకే ఇస్తూ చట్టం చేసింది. నేల అసలు యజమానులు అనేకమంది. కొందరు పరిహారం తీసుకుని ఒప్పుకున్నారు, కొందరు కోర్టుకెక్కారు. దాంతో ఒకే కాలంలో వచ్చి ఒకే నేలలో గుడిసెలు వేసుకున్న ఇరుగుపొరుగుల్లో కొందరికి పట్టా వచ్చింది, కొందరికి రాలేదు. ఎవరికి రావాలన్నది వాళ్ల తెలివితేటలతోనో శ్రద్ధతోనో నిమిత్తం లేకుండా జరిగిపోయింది. గలియాని, షార్గ్రోడ్‌స్కీ అనే ఆర్థికవేత్తలు ఏళ్ల తర్వాత చూసేసరికి పట్టా వచ్చిన ఇళ్ల గోడలు, కప్పులు స్పష్టంగా మెరుగ్గా ఉన్నాయి, పిల్లల చదువులు కూడా ముందుకు సాగాయి. వాళ్లకు బ్యాంకు అప్పులు మాత్రం పెద్దగా పెరగలేదు. అంటే ఇల్లు బాగుపడింది ఎక్కువగా సొంత కష్టంతోనే. తెలంగాణ ప్రభుత్వం 2014 డిసెంబరులో ఇచ్చిన 58వ నంబరు జీవో పేదలు ఇల్లు కట్టుకున్న ప్రభుత్వ స్థలాన్ని 125 గజాల వరకు ఉచితంగా క్రమబద్ధం చేయడం వెనక ఉన్న తర్కమూ ఇదే, దాని అమలులో ఎన్ని లోటుపాట్లున్నా.

హక్కు ఉండి కూడా ఇల్లు పాడుబడే సందర్భాలున్నాయి. 1947 బొంబాయి అద్దె చట్టం చాలా ఇళ్ల అద్దెలను 1940 నాటి స్థాయిలో నిలిపేసింది. వచ్చే అద్దె రిపేర్లకే చాలదు గనక యజమానులు చేతులెత్తేశారు. ఇల్లు తమది కాదు గనక అద్దెదారులూ ఖర్చు పెట్టలేదు. దక్షిణ ముంబయిలో వేల భవనాలు కూలే స్థితికి వచ్చాక ప్రభుత్వమే ప్రత్యేకంగా సెస్సు వసూలు చేసి మరమ్మతు బోర్డు నడపవలసి వచ్చింది. తెలంగాణ ప్రాంతాలనుంచి వలసపోయిన కమాటీ కూలీల పేరు మోస్తున్న కామాఠీపురా అటువంటి పాత భవనాల పేటే. అక్కడి గోడలు చూసి అద్దెదారుల అలవాట్లను తిట్టుకుంటే, గోడ ఎందుకు బీటలిచ్చిందన్న ప్రశ్న అలాగే ఉండిపోతుంది.

దీనిమీద వచ్చే మొదటి అభ్యంతరం సులువైనది కాదు. బండి రాకపోవడం నిజమే గానీ, వచ్చిన చోట కూడా వీధిలో విసిరేవాళ్లు లేరా అంటారు. ఉన్నారు. వీధి ఊడ్చడం ఒక కులం పని అని, అది మన పని కాదని అనుకునే పాత జబ్బు పేదల్లోనూ ఉంది. కాకపోతే అదే జబ్బు ఖాళీ ప్లాట్ల గోడమీదుగా చెత్త సంచులు విసిరే కాలనీల్లోనూ ఉంది; అక్కడ తెల్లారేసరికి ఊడ్చేవాళ్లు వస్తారు. ఏది ఎంత పనిచేస్తుందో తేల్చాలంటే, జనం మారకుండా నిర్వహణ మాత్రమే మారిన ఊరు కావాలి. సూరత్ అలాంటిది. 1991లో 15 లక్షల జనాభా ఉన్న ఆ నగరంలో 1994 సెప్టెంబరులో ప్లేగు లేచి సుమారు యాభైమంది చనిపోయారు, లక్షలమంది ఊరు విడిచి పారిపోయారు. అది మొదలైన వేడ్ రోడ్డు ప్రాంతం కూలీల నివాసం. తెలంగాణ జిల్లాల పద్మశాలీ నేత కార్మికులు పెద్దసంఖ్యలో ఉండే లింబాయత్ కూడా అప్పట్లో ముంపుకూ మురుగుకూ పేరుపడిన ప్రాంతమే. 1995 మేలో ఎస్.ఆర్. రావు మునిసిపల్ కమిషనరుగా వచ్చారు. నగరాన్ని జోన్లుగా చీల్చి అధికారాలు పంచారు, పెద్ద అధికార్లను రోజూ పొద్దున్నే వీధుల్లోకి పంపారు, రాత్రిపూట ఊడ్పు మొదలుపెట్టించారు, ఆక్రమణలు తీయడంలో పెద్దవాళ్ల భవనాలను కూడా వదల్లేదు, మురికివాడల్లో రాళ్లు పరిపించి మరుగుదొడ్లు కట్టించారు. 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను దేశంలో చండీగఢ్ తర్వాత రెండో శుభ్రమైన నగరంగా పేర్కొంది. రెండేళ్లలోపు అన్ని లక్షలమంది స్వభావం మారిపోయిందని నమ్మడం కంటే, నగరపాలక సంస్థ పనితీరు మారిందని నమ్మడం తేలిక. ప్లేగు భయం జనాన్ని సహకరించేలా చేసిందన్న మాటా నిజమే. ఆ భయాన్ని అందిపుచ్చుకునే యంత్రాంగం లేకపోతే అది నాలుగు నెలల్లో ఆరిపోయేది.

రెండో అభ్యంతరం అమెరికానుంచి వచ్చింది. జేమ్స్ క్యూ. విల్సన్, జార్జ్ కెల్లింగ్ 1982లో ప్రతిపాదించిన పగిలిన కిటికీల సిద్ధాంతం ప్రకారం, ఒక కిటికీ అద్దాన్ని పగిలినట్టే వదిలేస్తే మిగతావీ పగులుతాయి. చిన్న అపసవ్యాన్ని సహిస్తే పెద్దవి వస్తాయి. దీన్ని కొందరు పోలీసు కఠినత్వానికి వాదంగా వాడుకున్నారు. చెత్త వరకు ఇందులో నిజముంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగన్‌లో కైజర్ బృందం 2008లో ప్రచురించిన ప్రయోగంలో, సైకిళ్ల హ్యాండిళ్లకు కరపత్రాలు తగిలించి చూశారు. ఎదుటి గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది కరపత్రాన్ని నేలమీద పారేశారు; అదే గోడమీద పిచ్చిరాతలు ఉన్నప్పుడు 69 శాతం. చదువూ రాబడీ దండిగా ఉన్న ఐరోపా పట్నవాసులే గోడ మారేసరికి రెండింతలు పారేశారన్నమాట. కాబట్టి ఈ ఫలితం పేదల అలవాట్ల వాదానికి ఎదురుతిరుగుతుంది: కుప్ప ఉన్న చోట ఎవరైనా పారేస్తారు, కుప్ప ముందుగా మిగిలిపోయేది బండి రాని చోట. ఒకసారి మొదలయ్యాక అది తనను తాను పెంచుకుంటుందన్నది మాత్రం ఒప్పుకోవాలి. వారానికొకసారి పెద్ద ఎత్తున ఊడ్చి ఫొటోలు దిగడంకన్నా రోజూ కొంచెంగా ఎత్తడం ఎందుకు మేలో దీనివల్లే తెలుస్తుంది.

మూడోది, ఉచితంగా ఇస్తే విలువ ఉండదన్న వాదం. దీనికి సాక్ష్యంగా సెయింట్ లూయిస్‌లోని ప్రూయిట్-ఐగో సముదాయాన్ని చూపిస్తారు. 1950ల మధ్యలో పేదలకోసం కట్టిన 33 పదకొండంతస్తుల భవనాలవి. లిఫ్టులు ఆగి, అద్దాలు పగిలి, మెట్లు చెత్తతో నిండి, 1972 నుంచి కూల్చివేతకు లోనయ్యాయి. కానీ అక్కడ నిర్వహణ ఖర్చంతా అద్దెల్లోంచే రావాలన్నది నియమం. నగరంలో పరిశ్రమలు తగ్గి, జనాభా శివార్లకు తరలిపోయి, ఇళ్లు సగం ఖాళీ అవడంతో అద్దెలు రాలిపోయాయి, వాటితోపాటు నిర్వహణా పోయింది. పేదలకు బహుళ అంతస్తుల ఇళ్లు కడుతున్న మన ప్రభుత్వాలు ఈ కథలో చదవాల్సిన పుట ఇది. గుడిసెకు నెలవారీ నిర్వహణ ఖర్చు ఉండదు. తొమ్మిదంతస్తుల భవనానికి లిఫ్టు, మోటారు, మురుగుశుద్ధి, కాపలా అన్నిటికీ నెలనెలా సొమ్ము కావాలి. కట్టడానికి బడ్జెట్ కేటాయించి నడపడానికి కేటాయించకపోతే తాళంచెవులు అందుకున్నవాళ్లను తర్వాత నిందించి లాభం లేదు.

ఈ వాదానికి ఒక హద్దు ఉంది. ఒకే రాబడి, ఒకే రకం హక్కు ఉన్న రెండు వాడల్లో ఒకటి బాగుండి రెండోది అధ్వాన్నంగా ఉండటం తెలిసిందే. షికాగోలో రాబర్ట్ శాంప్సన్, అతని సహచరులు 1997లో చూపినట్టు, పొరుగువాళ్లు ఒకరినొకరు నమ్మి ఉమ్మడి విషయాల్లో కలగజేసుకునే పేటల్లో పరిస్థితి మెరుగ్గా ఉంటుంది. అయితే ఆ కలుపుగోలుతనం కుదురుగా చాలాకాలం ఉన్న చోటే పెరుగుతుందని కూడా అదే అధ్యయనం చెప్పింది. ఏడాదికోసారి ఇల్లు మారే అద్దెవాళ్ల మధ్య, రేపో మాపో ఖాళీ చేయిస్తారన్న వాడలో అది కుదరదు. శాంప్సన్, రాడెన్‌బుష్ 2004లో మరొక ఇబ్బందికరమైన సంగతి బయటపెట్టారు. వీధులను విడిగా పరిశీలించి చెత్త, శిథిలత ఎంత ఉన్నాయో నమోదు చేసి, జనం చెప్పిన అభిప్రాయాలతో పోల్చారు. పేదలు, నల్లజాతివారు ఎక్కువగా ఉన్న పేటల్లో, నమోదైన దానికన్నా ఎక్కువ అపసవ్యం ఉన్నట్టు చూసేవాళ్లు చెప్పారు. చెప్పినవాళ్లలో నల్లజాతివారూ ఉన్నారు. బస్తీ మురికి మీద మనకున్న అంచనాలో కొంత కుప్పది, కొంత మన కంటిదన్నమాట.

మార్పు తెచ్చిన ప్రయత్నాల్లో ఉమ్మడిగా కనబడేది, జనానికి బోధ చేయకుండానే స్థలాన్నీ సేవనూ మార్చడం. ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలను లాటరీ పద్ధతిన విడగొట్టి, కొన్నింటిలో చెత్త తీసి గడ్డి వేసి, బండ్లు లోపలికి రాకుండా చుట్టూ పొట్టి కర్ర కంచె పాతారు. 2018లో వెలువడిన ఫలితాల్లో, పేద పేటల్లో అలా బాగుచేసిన స్థలాల చుట్టుపక్కల తుపాకీ నేరాలు 29 శాతం తగ్గాయి. అహ్మదాబాదులో 1990ల మధ్య మొదలైన పరివర్తన్ పథకంలో మునిసిపాలిటీ పదేళ్లపాటు ఖాళీ చేయించనని హామీ ఇచ్చి, ప్రతి ఇంటికీ నీళ్ల కుళాయి, మరుగుదొడ్డి, మురుగు పైపు, వాడకు రాళ్ల దారి, దీపాలు, చెత్త సేకరణ ఏర్పాటు చేసింది. ఇంటికి 2,000 రూపాయలు తమ వాటాగా వాడవాళ్లే కట్టారు. అప్పటి రోజుకూలీతో పోలిస్తే అది చిన్న మొత్తం కాదు.

పేదలు డబ్బు కట్టరన్న మాటను ఈ వెలుగులో చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో పట్టణ ఇళ్లమీద చెత్త సేకరణ రుసుము విధించినప్పుడు, జనం చెత్త పన్ను అని పేరుపెట్టి గట్టిగా వ్యతిరేకించారు. 2024లో కొత్త ప్రభుత్వం దాన్ని రద్దుచేసింది. అహ్మదాబాదులో సొమ్ముతోపాటు స్థలానికి భరోసా, ఇంట్లోకి పైపు వచ్చాయి. ఇక్కడ బిల్లు వచ్చింది. రద్దుతో జేబుకు ఊరట దొరికింది గానీ బండి నడిచే ఖర్చు మునిసిపాలిటీ సాధారణ నిధి మీద పడింది. దేశంలోని మునిసిపాలిటీలన్నిటి ఆదాయం కలిపినా జాతీయోత్పత్తిలో ఒక శాతం దరిదాపుల్లోనే ఉంది. అంత చిన్న నిధిలో కోత పడినప్పుడు మొదట ఏ వార్డు ట్రిప్పులు తగ్గుతాయన్నది, ఏ వార్డు ఫోన్లకు కమిషనరు ఆఫీసు జవాబిస్తుందన్న దాన్ని బట్టే ఇప్పటికీ తేలుతోంది.